అల్జీమర్స్ పరిశోధనలో మెదడు స్కాన్‌లు: ఇంట తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే మనవారి చిత్రాన్ని ఎలా చదవాలి?

మహేంద్రగిరి (బరంపురం)

మా పింఛనుదారుల సంఘంలో ఈమధ్య ఒక వాదన జరిగింది. తలకు స్కానింగ్ తీయిస్తే మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ జబ్బు ఉన్నదీ లేనిదీ తేలిపోతుందని ఒకరు అన్నారు. మనిషి పోయిన తరువాత మెదడును పరీక్షిస్తే తప్ప ఎవరికీ తెలియదని మరొకరు అన్నారు. రెండవ వారి మాట చాలాకాలం అక్షరాలా నిజమే. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగస్టె డెటర్ అనే రోగిని చూసిన అలోయిస్ అల్జీమర్, ఆమె 1906లో మరణించిన తరువాతే మెదడు ముక్కలకు రంగు అద్ది, సూక్ష్మదర్శినిలో కణాల నడుమ పేరుకున్న ముద్దలనూ కణాల లోపలి చిక్కుముడులనూ చూడగలిగారు. ఆ ముద్దలు అమిలాయిడ్ అనే ప్రొటీనువి, చిక్కుముడులు టౌ అనే ప్రొటీనువి. బతికి ఉన్న మనిషిలో వాటిని చూడడం ఈ శతాబ్దంలోనే మొదలైంది.

నేను అడగదలచినది ఇది. ఎమ్మారై ఏమి చూస్తుంది, పెట్ స్కాన్ ఏమి చూస్తుంది, ఆ రెండూ చూడలేనిది ఏమిటి? ఇంట్లో తెలుగు, బయట ఒడియా మాట్లాడుతూ జీవితమంతా గడిపిన మన దక్షిణ ఒడిశా ప్రాంతపు పెద్దవారి విషయంలో ఈ చిత్రాలను చదివే తీరు ఏమైనా మారుతుందా? ఈ రంగంలో పనిచేసేవారు మన ఈ చర్చావేదికలో ఇద్దరైనా ఉన్నారు కనుక వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

ఫిల్ము గది (బరంపురం)

మాస్టారూ, స్కానింగ్ కేంద్రంలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్న నేను ఎమ్మారై వరకు చెప్పగలను. తక్కినది డాక్టరు గారు చెప్పాలి.

ఎమ్మారైలో అమిలాయిడ్ గానీ టౌ గానీ కనబడవు. కనబడేది మెదడు ఆకారం. వంశధారకు వరద వచ్చి తగ్గిన తరువాత ఒడ్డు ఎక్కడెక్కడ కోసుకుపోయిందో చూసినట్లుగా, జబ్బు వలన ఏ భాగం ఎంత తరిగిందో మాత్రమే చూస్తాము. అల్జీమర్స్‌లో ముందుగా తరిగేది సాధారణంగా కణతల లోపలి వైపున, ఇరుపక్కలా ఒక్కొక్కటి చొప్పున ఉండే హిప్పోకాంపస్, దాని చుట్టుపక్కల భాగం. కొత్త సంగతులు జ్ఞాపకంలో నిలబడడానికి అదే ఆధారం. అందుకే మతిమరుపు కేసులలో ఆ భాగానికి అడ్డంగా, ముఖానికి సమాంతరంగా పలుచని ముక్కలు తీస్తాము. వాటిని చూసి రేడియాలజిస్టు సున్నా నుంచి నాలుగు వరకు అంకె వేస్తారు. ఫిలిప్ షెల్టెన్స్ బృందం 1992లో ప్రచురించిన కొలమానం అది. డెబ్బై అయిదేళ్ల లోపు వారిలో రెండు వస్తే అసహజమని, అంతకంటే పెద్దవారిలో మూడు వస్తేనే అసహజమని సాధారణంగా అనుకుంటారు, ఎందుకంటే వయసుతో అందరికీ కొంత తరుగుదల ఉంటుంది.

యంత్రం దగ్గర జరిగే ఒక సంగతి కూడా చెప్పాలి. పెద్దమ్మలు వచ్చినప్పుడు మంగళసూత్రం, మెట్టెలు, జాకెట్టుకు పెట్టుకున్న పిన్నీసులు, చెవి మిషను అన్నీ తీయించాలి. లోపల అరగంటకు పైగా కదలకుండా పడుకోవాలి, పైగా సుత్తితో కొడుతున్నట్లు చప్పుడు. ఒకసారి ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు మా సహోద్యోగి ఒడియాలో, తరువాత హిందీలో చెప్పాడు. ఆవిడ ప్రతి మాటకూ తల ఊపారు. లోపలికి పంపితే, మైకులో మాట వినబడిన ప్రతిసారీ సమాధానం చెప్పడానికి తల ఎత్తారు. చిత్రమంతా అలుక్కుపోయింది. "అమ్మా, చప్పుడు వచ్చినంతసేపూ మాట్లాడకండి, గుటక కూడా మెల్లగా మింగండి" అని నేను తెలుగులో చెప్పిన తరువాత చక్కగా పడుకున్నారు. కదిలిన చిత్రంలో హిప్పోకాంపస్ అంచు తెలియదు. అంచు తెలియనప్పుడు దాని కొలతకు విలువ లేదు.

జయపురం డాక్టరు (ప్రస్తుతం విశాఖపట్నం)

పై మిత్రుడు చెప్పినదానికి ఒక మాట చేర్చి పెట్ స్కాన్ గురించి రాస్తాను. మతిమరుపుతో వచ్చిన వారికి మేము సీటీ గానీ ఎమ్మారై గానీ రాయడానికి మొదటి కారణం అల్జీమర్స్‌ను పట్టుకోవడం కాదు. తలకు దెబ్బ తగిలి నెమ్మదిగా పేరుకున్న రక్తం, గడ్డలు, పక్షవాతపు మచ్చలు, మెదడు గదులలో నీరు నిండడం వంటివి ఉన్నాయేమో చూడడం. వీటిలో కొన్నింటికి శస్త్రచికిత్స ఉన్నది. అందుచేత "నయం కాని జబ్బుకు స్కానింగ్ ఎందుకు" అనే ప్రశ్నకు మొదటి జవాబు ఇదే.

పెట్ స్కాన్ ఆకారాన్ని కాక జరుగుతున్న పనిని, పేరుకున్న పదార్థాన్ని చూస్తుంది. రేడియోధార్మిక పరమాణువును తగిలించిన అతి స్వల్ప మోతాదు రసాయనాన్ని నరంలోకి ఎక్కించి, అది ఎక్కడ చేరిందో యంత్రం నమోదు చేస్తుంది. పాతది, మన నగరాలలో దొరికేది ఎఫ్‌డీజీ. అది గ్లూకోజుకు దగ్గరి రూపం. శరీర బరువులో రెండు శాతమే ఉన్న మెదడు శక్తిలో దాదాపు అయిదవ వంతు వాడుకుంటుంది కనుక, ఏ భాగం గ్లూకోజును తక్కువగా తీసుకుంటున్నదో ఆ భాగం మందగించినట్లు. అల్జీమర్స్‌లో కణతల పై భాగం, తల వెనుక పైభాగపు పక్కలు, మధ్యలో లోపలి వైపు ఉండే వెనుక భాగం ముందుగా మందగిస్తాయి. చూపునకూ కాళ్లుచేతుల కదలికకూ సంబంధించిన భాగాలు చాలాకాలం మామూలుగానే ఉంటాయి. అందుకే పాల లెక్క మరిచిపోయిన మనిషి బిందె ఎత్తుకుని చక్కగా నడిచి వస్తారు.

రెండవది అమిలాయిడ్ పెట్. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ అనే ఇద్దరు, ప్రయోగశాలలో అమిలాయిడ్‌కు రంగు పట్టించే థయోఫ్లేవిన్ అనే పదార్థాన్ని మార్చి మార్చి, మెదడులోకి వెళ్లగల రసాయనాన్ని తయారుచేశారు. దానిని 2002లో స్వీడన్‌లోని ఉప్సాలాలో తొలిసారి ఒక రోగికి ఇచ్చి చిత్రం తీశారు, ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. అందులో వాడిన కార్బన్-11 ఇరవై నిమిషాలకు సగమైపోతుంది కనుక, దానిని తయారుచేసే సైక్లోట్రాన్ అనే యంత్రం పక్కనే ఉన్న ఆసుపత్రులకు తప్ప పనికిరాదు. తరువాత 110 నిమిషాలకు సగమయ్యే ఫ్లోరిన్-18తో చేసినవి వచ్చాయి. అమెరికాలో వాటికి 2012, 2013, 2014 సంవత్సరాలలో వరుసగా అనుమతి లభించింది. టౌను చూపే రసాయనానికి 2020లో అనుమతి వచ్చింది. టౌ పెట్ ఒక విషయంలో ఎక్కువ నిజాయితీ గలది: అమిలాయిడ్ ఎంత ఉన్నదనే దానికీ రోగి స్థితికీ పొత్తు తక్కువ, టౌ ఎక్కడెక్కడికి పాకిందనే దానికీ రోగి స్థితికీ పొత్తు ఎక్కువ.

మన ప్రాంతానికి ఈ లెక్క ఎలా వర్తిస్తుందో చూడండి. సైక్లోట్రాన్ ఉన్న నగరం నుంచి రోడ్డు మీద అయిదు గంటల ప్రయాణం అనుకుంటే ఫ్లోరిన్-18లో ఆరవ వంతు కూడా మిగలదు. కార్బన్-11 అయితే ముప్పై వేల వంతు కూడా మిగలదు. కోరాపుట్ ఘాటు ఎక్కే దారిలోనే మందు అయిపోతుంది.

నాగావళి (రాయగడ)

డాక్టరు గారూ, ఒక సందేహం. అమిలాయిడ్ కనబడితే జబ్బు ఉన్నట్టే కదా? మరి మీరు అంత ఖచ్చితంగా అనడం లేదు. ఏదో ఒకటి తేల్చని పరీక్షకు వేలకు వేలు పోయడం మా వంటి బ్యాంకు పింఛనుదారులకు భారమే.

జయపురం డాక్టరు

ఉన్నట్టే కాదండీ. జ్ఞాపకశక్తి మామూలుగా ఉన్నవారి స్కాన్‌లను అనేక దేశాల నుంచి పోగుచేసి 2015లో ప్రచురించిన లెక్క ప్రకారం, యాభై ఏళ్ల వయసులో సుమారు పది శాతం మందికి, తొంభై ఏళ్ల వయసులో నలభై నాలుగు శాతం మందికి అమిలాయిడ్ పేరుకుని ఉన్నది. వారు పూజ చేసుకుంటూ, పద్దులు రాసుకుంటూ హాయిగా ఉన్నవారే. కొందరికి ముందు ముందు జబ్బు రావచ్చు, కొందరు రాకుండానే ఆయుష్షు తీరి వెళ్లిపోవచ్చు. అందుకే ఏ ఇబ్బందీ లేనివారికి ఈ స్కాన్ తీయడాన్ని నేను సమర్థించను. స్కాన్‌లో అమిలాయిడ్ లేదని తేలితే మాత్రం ఆ మతిమరుపు అల్జీమర్స్ వలన వచ్చినది కాదని చాలావరకు నమ్మవచ్చు. ఈ పరీక్ష బలం కొట్టివేయడంలోనే ఉన్నది.

జబ్బు ఎంత ముందుగా మొదలవుతుందో తెలిసింది కూడా ఈ చిత్రాల వల్లనే. జన్యుపరంగా తప్పనిసరిగా అల్జీమర్స్ వచ్చే అరుదైన కుటుంబాలను గమనించే డయన్ అనే అంతర్జాతీయ అధ్యయనం 2012లో వెల్లడించిన దాని ప్రకారం, లక్షణాలు మొదలవుతాయని అంచనా వేసిన వయసుకు పదిహేనేళ్ల ముందే పెట్ స్కాన్‌లో అమిలాయిడ్ కనబడింది. గ్లూకోజు వాడకం తగ్గడం పదేళ్ల ముందు కనబడింది. అరవై అయిదవ ఏట మరుపుతో వచ్చిన మనిషికి జబ్బు యాభై దాటగానే మొదలై ఉండవచ్చునన్న మాట.

వంశధార (గుణుపురం)

మహేంద్రగిరి మాస్టారు అడిగిన రెండవ ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం మన బోటివారి కోసమే చేసినట్లు ఉంటుంది. డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) ఉన్న 648 మంది రోగులను పరిశీలిస్తే, రెండు భాషలు మాట్లాడేవారికి ఒకే భాష మాట్లాడేవారి కంటే నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు బయటపడినట్లు తేలింది. చదువురానివారిలో కూడా ఆ తేడా ఉండడం అందులో ముఖ్యమైన సంగతి, ఎందుకంటే ఇదంతా చదువు వలన కలిగిన లాభమే అనే ఆక్షేపణకు అది జవాబు. మా గుణుపురంలో తెలుగు, ఒడియా, హిందీతో పాటు సంతకు వచ్చే సవరలతో సవర భాష కూడా మాట్లాడే కోమటి దుకాణదారులను నేను ఎరుగుదును. వారికి మరో పదేళ్లు కలుస్తాయేమో అని ఆశపడ్డాను గానీ, రెండు భాషలను మించితే అదనపు ప్రయోజనం కనబడలేదని అదే అధ్యయనం చెప్పింది.

నాగావళి

జబ్బు ఆలస్యంగా వస్తున్నదా, లేక ఆలస్యంగా కనబడుతున్నదా? ఈ రెండూ వేరు. నలుగురితో మాట్లాడి బతకనేర్చిన మనిషి తన మరుపును కప్పిపుచ్చుకోవడంలోనూ నేర్పరి అయి ఉంటాడు.

జయపురం డాక్టరు

నాగావళి గారి ప్రశ్న ఈ చర్చలో అన్నిటికంటే పదునైనది. దానికి జవాబు వెతకడంలోనే మెదడు చిత్రాలు బాగా పనికివచ్చాయి. టొరంటోలో ఒకే స్థాయిలో జబ్బు ఉన్న రోగుల సీటీ స్కాన్‌లను పోల్చిన అధ్యయనం 2012లో వచ్చింది. పైకి ఇద్దరూ ఒకేలా ఉన్నా, రెండు భాషలవారి మెదడులో కణతల లోపలి భాగం ఎక్కువగా తరిగి ఉన్నది. 2017లో డానియెలా పెరానీ బృందం ఉత్తర ఇటలీలో, జర్మన్, ఇటాలియన్ రెండూ మాట్లాడే సరిహద్దు ప్రాంతపు రోగులను తీసుకుని ఎఫ్‌డీజీ పెట్ తీసింది. అక్కడివారు సరిగ్గా మనలాగే ఇంట ఒక భాష, కార్యాలయంలో ఒక భాష వాడుకునేవారు. పోలిక కోసం తీసుకున్న ఒకే భాషవారితో కలిపి మొత్తం 85 మంది. రెండు భాషలవారు సగటున అయిదేళ్లు పెద్దవారు, వారి మెదడులో గ్లూకోజు వాడకం మరింత ఎక్కువగా పడిపోయి ఉన్నది. అయినా జ్ఞాపకశక్తి పరీక్షలలో కొన్నింటిలో వారే మెరుగ్గా చేశారు. మెదడు ముందు భాగంతో తక్కిన భాగాలకు ఉన్న సంబంధాలు వారిలో గట్టిగా ఉన్నట్లు కూడా ఆ చిత్రాలు చూపాయి.

అంటే జబ్బు ఆలస్యంగా రావడం కాదు, వచ్చిన జబ్బును మెదడు ఎక్కువకాలం మోయగలగడం. దీని పర్యవసానం ఏమిటంటే, మన పెద్దవారు "కొంచెం మరుపు" అని వచ్చేనాటికి లోపల జబ్బు చాలా దూరం వెళ్లి ఉండవచ్చు. అటువంటి చిత్రాన్ని ఒకే భాష మాట్లాడే వారి చిత్రంతో అంకెకు అంకె పోల్చి ఇతని స్థితి ఇంత అని చెప్పలేము. ఆరోగ్యంగా ఉన్నవారిని ముందే ఎంచుకుని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలలో భాషల ప్రభావం ప్రతిసారీ కనబడలేదన్న సంగతి కూడా చెప్పి తీరాలి. ఈ విషయం ఇంకా తేలలేదు.

కోడలు (పర్లాకిమిడి)

మీ అందరికీ నమస్కారం. మా అత్తగారి విషయమై అడుగుతున్నాను. ఆవిడ పుట్టింది టెక్కలి దగ్గర, కాపురానికి వచ్చింది పర్లాకిమిడి. ఒడియా ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నారు. ఇటీవల ఒడియాలో పలకరిస్తే తెలుగులోనే జవాబు చెబుతున్నారు. పాల లెక్కకు వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టడం ఆవిడ అలవాటు. ఇప్పుడు ఒక్క పూటకే రెండు మూడు గీతలు గీస్తున్నారు, నెలాఖరున పాలవాడితో తగువు.

ఒక ఆసుపత్రిలో జ్ఞాపకశక్తి పరీక్ష ఒడియాలో చేశారు. ఇది ఏ జిల్లా అని అడిగితే "గంజాం" అన్నారు, తప్పు వేశారు. తేదీ అడిగితే "కార్తీక బహుళ షష్ఠి" అన్నారు, అదీ తప్పే వేశారు. ఇంటికి వచ్చి పంచాంగం చూస్తే ఆ రోజు షష్ఠే! ఎమ్మారై రిపోర్టులో "వయసుకు తగిన తరుగుదల, చిన్న రక్తనాళాల మార్పులు" అని మాత్రమే రాశారు. అల్జీమర్స్ కాదనుకుని ధైర్యంగా ఉండవచ్చా?

మహేంద్రగిరి

అమ్మా, గజపతి జిల్లా 1992లో ఏర్పడింది. అంతకు ముందు మీ ఊరు గంజాం జిల్లాలోనిదే. నలభై ఏళ్లు గంజాం అని ఉత్తరాల మీద రాసిన మనిషి గంజాం అన్నదని మతిపోయిందనడం నాకు విడ్డూరంగా తోస్తున్నది.

జయపురం డాక్టరు

మాస్టారి మాటలో సగం ఒప్పుకుంటాను. పాత జిల్లా పేరు చెప్పడం, తిథి చెప్పడం ఆవిడ లోకజ్ఞానానికి గుర్తులే. ఆ రెండు ప్రశ్నలకు తగ్గించిన మార్కులను నేను లెక్కలోకి తీసుకోను. కానీ గోడ మీద గీతలను తేలికగా తీసుకోను. చేసిన పని చేసినట్లు జ్ఞాపకం లేకపోవడం హిప్పోకాంపస్ వైపే చూపుతున్నది. తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోవడం కూడా గమనించవలసిన సంగతే.

అమ్మా, "వయసుకు తగిన తరుగుదల" అన్న వాక్యం అల్జీమర్స్ లేదని చెప్పడం లేదు. తొలి దశలో ఎమ్మారై మామూలుగానే ఉండవచ్చు. ఒక్క చిత్రం కంటే ఏడాది ఎడంతో తీసిన రెండు చిత్రాలు ఎక్కువ చెబుతాయి, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న వృద్ధులలో హిప్పోకాంపస్ ఏటా ఒక శాతానికి కాస్త అటూ ఇటూగా తగ్గితే, అల్జీమర్స్‌లో నాలుగయిదు శాతం తగ్గుతుంది. రక్తనాళాల మార్పులు ఉన్నాయన్నారు కనుక బీపీ, షుగరు అదుపులో ఉంచడం ముఖ్యం. ఈ వయసులో రెండు జబ్బులూ కలిసి ఉండడం చాలా సాధారణం. థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించారా? అవి చవకైనవి, లోపం ఉంటే సరిచేయవచ్చు. తరువాత జ్ఞాపకశక్తి పరీక్షను తెలుగులో మళ్లీ చేయించండి. పెట్ స్కాన్ సంగతి ఆ తరువాత.

నాగావళి

కొత్త సూది మందులు వచ్చాయని పత్రికలలో చదివాను. వాటికి ఈ స్కాన్‌లతో సంబంధం ఏమిటి?

జయపురం డాక్టరు

సంబంధం విడదీయరానిది. లెకానెమాబ్ అనే మందుకు అమెరికాలో 2023 జులైలో పూర్తి అనుమతి వచ్చింది. సుమారు 1800 మందిపై పద్దెనిమిది నెలల పాటు జరిపిన పరీక్షలో, ఉత్తుత్తి మందు తీసుకున్నవారి కంటే వీరిలో క్షీణత 27 శాతం నెమ్మదించింది. పోయిన జ్ఞాపకం తిరిగి రాలేదు. మెదడులో అమిలాయిడ్ ఉన్నదని పెట్ స్కాన్‌తో గానీ వెన్నునీటితో గానీ రుజువైన తొలిదశ రోగులకే ఆ మందు ఇస్తారు. కొందరికి మెదడులో వాపు, సన్నని రక్తస్రావం వస్తాయి కనుక మొదటి నెలలలో మళ్లీ మళ్లీ ఎమ్మారై తీయాలి. ఎమ్మారై అందుబాటులో లేని ఊరివారికి ఈ మందు ఇవ్వడం ప్రమాదకరం. టౌ ప్రొటీనుకే ఒక రూపమైన పీ-టౌ217ను కొలిచే రక్తపరీక్షకు అమెరికాలో 2025లో అనుమతి లభించింది. మన వంటి ప్రాంతాలకు పెట్ స్కాన్ కంటే అదే ముందుగా చేరుతుందని నా నమ్మకం.

వంశధార

ఒక చేర్పు. అమెరికాలో 2004లో మొదలైన ఆడ్నీ అనే పెద్ద అధ్యయనం తన స్కాన్‌లను ప్రపంచంలోని పరిశోధకులందరికీ తెరిచి ఉంచింది, కంప్యూటర్ కొలతలెన్నో వాటి మీదనే తయారయ్యాయి. అందులో ఎక్కువమంది బాగా చదువుకున్న తెల్లవారు. మన దేశంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లోని మెదడు పరిశోధన కేంద్రం, కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెలలో నలభై అయిదేళ్లు దాటినవారిని ఏళ్ల తరబడి గమనిస్తూ ఎమ్మారైలు తీస్తున్నది. అదీ ఆంధ్ర సరిహద్దు తాలూకాయే. అటువంటిది గంజాం, గజపతి, రాయగడ జిల్లాలలో ఒకటి ఉంటే పర్లాకిమిడి అమ్మగారి అత్తగారి చిత్రాన్ని టొరంటో వారితో పోల్చే అవసరం ఉండదు.

ఫిల్ము గది

కోడలు గారికి ఒక మాట. రిపోర్టు కాగితం, ఫిల్ములు ఉంటే చాలదు, స్కాన్ తీసిన చోట సీడీ అడిగి తీసుకోండి. ఫిల్ము మీద ఎంచిన బొమ్మలే ఉంటాయి, సీడీలో అన్ని ముక్కలూ ఉంటాయి, హిప్పోకాంపస్ కొలవాలంటే అవే కావాలి. అత్తగారు ఎప్పుడైనా జారిపడినప్పుడు తీసిన పాత సీటీ ఉన్నా పట్టుకురండి. వచ్చే ఏడాది మళ్లీ తీయించవలసి వస్తే వీలైనంతవరకు అదే యంత్రం మీద తీయించండి. యంత్రం మారితే ఆ మార్పే నాలుగు శాతం తేడా చూపించగలదు.

కోడలు

బీ12 పరీక్ష చేయించలేదండీ, రేపే రక్తం ఇప్పిస్తాము. రెండేళ్ల క్రితం నూతి గట్టు మీద జారిపడినప్పుడు శ్రీకాకుళంలో తీసిన సీటీ ఫిల్ము బీరువాలో ఉన్నది. దాని సీడీ ఉన్నదేమో మా ఆయన ఆ కేంద్రానికి వెళ్లి అడుగుతానన్నారు.